కొండను ఎక్కువ కాల్చిన పళ్ళ డాక్టరమ్మ

ఆ ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల సెక్షన్ వాళ్ళొక్కరే. మిగతా అందరికీ ఆమె పళ్ళ డాక్టరమ్మ. ఆమె డాక్టరూ కాదు, ఆ పళ్ళు మనుషులవీ కావు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా పన్ను నొప్పని ఆమె గదికి వస్తే, పాతవాళ్ళు వరండాలో నిలబడి నవ్వుకునేవాళ్ళు. ఆమె మాత్రం నవ్వకుండా, "నా దగ్గరికి రావాలంటే ముందు మీరు నలభై కోట్ల ఏళ్ళ కిందట పోయి ఉండాలి," అని చెప్పి పంపేసేది.

రాళ్ళ సర్వే ఆఫీసు రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు గది ఆమెది. తలుపు తీస్తే ముందు ముక్కుకి తెలుస్తుంది, వినిగర్ ఘాటు. గోడవారగా పద్నాలుగు ప్లాస్టిక్ బకెట్లు. ఒక్కొక్క దాంట్లో పల్చటి ఆసిడ్‌లో సున్నపురాయి ముక్కలు వారాల తరబడి నానుతుంటాయి. రాయి కరిగి అడుగున మడ్డి మిగులుతుంది. ఆ మడ్డిని జల్లెడ పట్టి, ఆరబెట్టి, నల్లటి పళ్ళెంలో పల్చగా పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టి, తడిపిన సన్న కుంచె మొనతో ఒక్కొక్క పన్నూ ఏరాలి. పన్ను ఇసుక రేణువంత. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ కుర్చీలో ఊపిరి బిగబట్టి బతికింది.

ఆ సున్నపురాళ్ళన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున పొరమీద పొరగా పేరుకున్న బురద. ఆ నీళ్ళలో పాములా సన్నగా ఈదే వేలెడంత జంతువులు ఉండేవి. వాటి జాతి ఎప్పుడో అంతరించింది. ఒంట్లో ఎముక లేదు కనక పళ్ళు తప్ప ఇంకేమీ మిగల్లేదు. పుస్తకాల్లో వాటిని కోనోడాంట్లు అంటారు. బురద రాయయ్యాక, ఎన్నో యుగాలకు, నేలను నేల తోసింది. దుప్పటిని రెండు చేతులతో మధ్యకి నెడితే ముడతలు పడ్డట్టు పొరలు మడతపడి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పైకి లేచినవి కొండలయ్యాయి. కిందపడ్డవి మైళ్ళ లోతుకి దిగి, నెత్తిన కొండ బరువు, కింద భూమి వేడి, మధ్యలో లక్షల ఏళ్ళు ఉడికాయి. కరగలేదు. రాయి రాయిగానే ఉండి కాలింది. ఎంత కాలిందని రాయిని అడిగితే చెప్పదు. పళ్ళు చెబుతాయి.

పన్ను లేత తేనె రంగులో ఉంటే ఆ రాయికి ఎనభై డిగ్రీల కంటే వేడి తగల్లేదని లెక్క. దాల్చినచెక్క రంగుకి వస్తే నూరు దాటింది. కాఫీ గింజ రంగుకి రెండు వందల దాకా, బొగ్గు నలుపుకి మూడు వందల పైన. ఆ పైన కూడా కాలితే బూడిద రంగుకి తిరిగి మళ్ళీ తెల్లబడుతుంది. ఒక్కొక్క రంగూ ఒక్కొక్క మెట్టు. పన్ను చూసి మెట్టు రాయడం ఆమె పని. ఆమె రాసిన అంకెల్ని పక్క బిల్డింగులో ఉండే మ్యాపు సారు పటం మీద చుక్కలుగా పెడతాడు. కొండలు లేచేటప్పుడు ఎక్కడ ఎంత పొయ్యి మండిందో ఆ చుక్కలు చెబుతాయి.

మెట్టు నిర్ణయించడానికి ఒక ప్రమాణాల పెట్టె ఉంది. అన్ని మెట్ల పళ్ళూ వరసగా అతికించిన గాజుపలక ఉంటుంది అందులో. కొత్త పన్నుని దాని పక్కన పెట్టి, రెండూ కలిపి చూసి మరీ రాయాలన్నది రూలు. మొదటి పన్నెండు పదమూడేళ్ళు ఆమె అలాగే చేసింది. తర్వాత ఆ రంగులు ఆమెకి కొట్టినపిండి అయిపోయాయి. కన్నబిడ్డ ముఖం ఫొటో పక్కన పెట్టుకుని చూస్తామా? పెట్టె సొరుగులో అడుక్కి చేరింది. దాని మీద దూది చుట్ట, దాని మీద పాత రశీదులు. ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె నవ్వేసేది.

సంగతి బయటపడింది ఆఫీసులో కాదు, కుట్టు షాపులో.

ఆమె ఆడపడుచు, అంటే భర్తకి అక్క, బస్టాండు వెనక కుట్టు షాపు నడుపుతుంది. స్కూలు యూనిఫారాల ఆర్డరు వచ్చి చేతులు ఖాళీ లేక, వచ్చేటప్పుడు ముదురు నీలం దారం ఆరు ఉండలు తెమ్మని మరదలికి చెప్పింది. ఈమె తెచ్చింది. వదినగారు సంచీ విప్పి, ఉండల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, కళ్ళకి గంతలు కట్టుకుని వెళ్ళావా? ఇది నలుపు కదా."

"నీలమే వదినా," అంది ఈమె.

ఆవిడ ఒక ఉండని నీలం గుడ్డ మీద పెట్టింది. పక్కన మిషను తొక్కుతున్న అమ్మాయి కూడా చూసి నలుపే అంది. ఈమెకి రెండూ ఒకటిగానే ఉన్నాయి. కావాలని మెల్లగా కుడి కన్ను మూసి చూసింది. ఎడమ కంటికి గుడ్డ కాస్త నీలంగా మారింది. ఎడమది మూసి కుడి కంటితో చూసింది. మళ్ళీ నలుపే. బల్ల మీద తెల్ల కాగితం ఉంది. ఎడమ కంటికి అది కాగితం. కుడి కంటికి పాత టీ మరక.

వదినగారు దారం గురించి ఇంకా ఏదో అంటూనే ఉంది గానీ ఒక్క ముక్కా చెవికెక్కలేదు. కన్ను పోతుందేమోనన్న భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది పళ్ళ ఆలోచన. దాల్చినచెక్క రంగుని ఈ కన్ను ఏమని చూస్తోంది?

మర్నాడు అందరికంటే ముందే ఆఫీసుకొచ్చి తలుపు దగ్గరికి వేసుకుంది. సొరుగు లాగి, రశీదులు తీసి, దూది తీసి, పెట్టె తీసింది. కిందటి నెల తను కాఫీ గింజ మెట్టు అని రాసిన పళ్ళ స్లైడుని దాని పక్కన పెట్టి మైక్రోస్కోపులో కళ్ళు ఆనించింది. అది కాఫీ గింజ కాదు. దాల్చినచెక్క. ఇంకోటి తీసింది. అదీ ఒక మెట్టు ఎక్కువే. ఆరు తీస్తే ఆరూ అంతే. ఏ కన్ను మసకబారినా పెట్టె పక్కన ఉంటే రెండు పళ్ళూ ఒకేలా మసకబారేవి, తేడా తెలిసిపోయేది. తప్పు కంటిది కాదు. పెట్టె తియ్యనిదానిది.

అప్పుడు గుర్తొచ్చింది ఎర్ర గీత.

మ్యాపు సారు నలభైకి దగ్గరపడిన మనిషి. తొమ్మిదేళ్ళుగా ఆ కొండల్లో ఒక్కొక్క లోయా నడిచి రాళ్ళు కొట్టుకొచ్చాడు. మొదటి విడత పడమటి సగానివి. రెండో విడత, అంటే ఈ పదహారు నెలల్లో వచ్చినవి, తూర్పు సగానివి. రెండూ పటం మీద పెట్టేసరికి ఆయనకి తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. పడమట అంతా దాల్చినచెక్క, తూర్పున అంతా కాఫీ గింజ, ఉత్తరం కొసన బొగ్గు. మధ్యలో అరవై కిలోమీటర్ల పొడుగున వేడి ఒక్కసారిగా మెట్టెక్కింది. లోతుల్లో బాగా కాలిన పొరల్ని ఏదో పెద్ద పగులు పైకి ఎగదోసి, చల్లటి పొరల పక్కన నిలబెట్టిందని ఆయన తేల్చాడు. ఇన్నేళ్ళుగా ఎవరి కంటా పడని పగులు. దాని మీద ఎర్ర గీత గీశాడు. గురువారం బయటి ఊళ్ళ నుంచి పెద్దపెద్ద శాస్త్రవేత్తలు వస్తున్నారు. వాళ్ళ ముందు ఆ పటం పెట్టి, తర్వాత అచ్చుకి పంపిస్తారు. అచ్చయిందంటే ముప్పై ఏళ్ళు అదే వేదం.

గీతకి పడమట ఆమె మంచి కన్ను ఉంది. తూర్పున పాడైన కన్ను ఉంది. ఆ రోజు సోమవారం.

సోమవారం ఆమె నోరు మెదపలేదు. ఆరు స్లైడ్లతో ఏం తేలుతుంది, ఇంకొన్ని చూద్దామని తనకి తనే సర్దిచెప్పుకుంది. మంగళవారం ఇంకో ఇరవై చూసింది. పదిహేను తప్పు. సరిగ్గా ఉన్నవి నల్లగా మాడినవే, ఎందుకంటే బొగ్గు కంటే నలుపు చూడటానికి పాడైన కంటికి కూడా దారి లేదు. మధ్యాహ్నం మ్యాపు సారు పటం రంగులు చూపించడానికి స్వయంగా పైకొచ్చాడు. గీత ఇంకొంచెం లావుగా ఉంటే దూరం నుంచి కనిపిస్తుందేమోనని అడిగాడు. ఆమె బాగుందంది. ఆయన వెళ్తూ వెళ్తూ, సభలో ఆమెకి కృతజ్ఞతలు చెప్పబోతున్నానని, పళ్ళ డాక్టరమ్మ అనాలా అసలు పేరు చెప్పాలా అని నవ్వుతూ అడిగాడు. ఏదైనా ఒకటేనంది. ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా కూర్చుని, తర్వాత వెళ్ళి ముఖం కడుక్కుంది. అద్దంలో తన ముఖం కూడా పచ్చగానే ఉంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క పూటలో గంగపాలు. మొన్నటిదే కాదు, అంతకు ముందుదీ తప్పేనంటారు. ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ పళ్ళని మళ్ళీ చూసే ఓపిక ఎవరికుంటుంది? అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది, ఎవరికీ తెలియదన్నదే.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడికి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాటలు తక్కువ. చేతులకి అంటిన గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూ అంతా విన్నాడు. ముందు కన్ను గురించి అడిగాడు, ఎప్పటి నుంచి అని. తర్వాత ఉద్యోగం గురించి అడిగాడు. ఆ అడగడంలో ఆయనకీ భయం వేసిందని ఆమెకి తెలిసింది. చేతులు తుడుచుకోవడం అయిపోయాక అన్నాడు.

"తాడులో పోగులు తెగాయని నాకు తెలిసిందనుకో. పైకి చూస్తే లిఫ్టు బాగానే నడుస్తోంది. నేనేం చెయ్యాలి?"

"నీ లిఫ్టులో మనుషులు ఎక్కుతారు. నా పటంలో ఎవరు ఎక్కుతారు?"

"అది నీకే తెలియాలి," అన్నాడు ఆయన.

ఆమెకి తెలుసు. ఆ గీత చూసి ఎవరో బోర్లు వేస్తారు. చదువుకునే పిల్లలు దాని మీద పరీక్షలు రాస్తారు. ఇంకో సారు ఇంకో తొమ్మిదేళ్ళు లేని పగులుని వెతుక్కుంటూ కొండలెక్కుతాడు.

బుధవారం పదకొండింటికి ఆమె పక్క బిల్డింగుకి వెళ్ళింది. పెద్ద ప్రింటరు లోంచి పటం అంగుళం అంగుళంగా బయటికొస్తోంది. మ్యాపు సారు చిన్నపిల్లాడికి స్నానం చేయించేటప్పుడు పట్టుకున్నట్టు రెండు చేతులతో కాగితాన్ని పట్టుకుని ఉన్నాడు.

"సార్, ఆ గీత ఉండకపోవచ్చు."

"ఏ గీతమ్మా?"

"ఎర్ర గీత. అది కొండలో లేదేమో సార్. నా కంట్లో ఉందేమో."

ఆమె హాస్యాలు ఆఫీసంతా ఎరిగినవే గనక ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. దారం ఉండల దగ్గర మొదలుపెట్టి ఇరవై ఆరు స్లైడ్ల దాకా ఆమె మొత్తం చెప్పింది. పెట్టె ఎన్నేళ్ళుగా తియ్యలేదో కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ప్రింటరు పటం పూర్తిచేసి చప్పుడు ఆపింది.

"మొత్తం ఎన్ని?" అన్నాడాయన.

"ఈ విడతవి నూట పద్దెనిమిది సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది. రేపటి లోపు మళ్ళీ చూడటం కుదరదు కదా అన్నాడు. కుదరదంది. ఇక మీరు వెళ్ళండి అన్నాడు. ఆ "మీరు"లో నిన్నటి ఆప్యాయత లేదు.

గురువారం ఆయన తూర్పు సగం తెల్లగా వదిలేసిన పటంతో సభకి వెళ్ళాడు. ఆ సగం ఇంకా పరీక్షలో ఉందని మాత్రం చెప్పాడట. ఎందుకని ఒకరు గుచ్చి గుచ్చి అడిగారట. కొలతలు మళ్ళీ సరిచూస్తున్నామన్నాడట. ఆమె మీద నెట్టలేదు. ఈ సంగతులన్నీ ఆమెకి టీ తెచ్చే మనిషి చెప్పాడు.

ల్యాబు పెద్దావిడ అన్నీ రాయించుకుని, ఆమెను రంగులు చూసే పనిలోంచి తప్పించింది. బకెట్లు మార్చడం, జల్లెడ పట్టడం, పళ్ళు ఏరడం వరకే. రంగులు చూడటానికి ఇంకో ఆఫీసు నుంచి ఒకామె వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చుంది. రోజూ పెట్టె తీసి పక్కన పెట్టుకుని, ఒక్కొక్క స్లైడూ చూసి, కాగితం మీద అంకె వేసి, బోర్లించి పెట్టేది. ఆ కలం కాగితం మీద గీసిన చప్పుడు విని, పైగీతా కిందిగీతా అని ఈమె లెక్కపెట్టుకునేది. రెండు వేసిన చప్పుడు వేరు, మూడు వేసిన చప్పుడు వేరు. తొమ్మిది వారాలు అలా గడిచాయి. ఒళ్ళు సగమైంది. వదినగారు వచ్చి ఇది కంటి జబ్బులా లేదు, ఒంటి జబ్బులా ఉందని తమ్ముణ్ణి తగులుకుంది.

ఆ మధ్యలోనే కంటి డాక్టరు చూశాడు. శుక్లాలు, కుడి కంట్లో బాగా ముదిరాయి, ఎడమ కంట్లో మొదలయ్యాయి. మసకకి జనం వస్తారు గానీ రంగు మారిందని వచ్చింది మీరేనన్నాడు. రంగు ఇసుమంత కూడా మారకుండా తిరిగొస్తుందా అని ఆమె మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన విసుక్కున్నాడు. ఆపరేషను పావుగంట పని. కట్టు విప్పినప్పుడు నర్సు వేసుకున్న కోటు ఎంత తెల్లగా ఉందంటే ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఆసుపత్రి తలుపులకి నీలం రంగు వేశారని మూడోసారి వచ్చినప్పుడు గానీ ఆమెకి తెలియలేదు.

రెండో కంటికి కూడా చేయించుకుని పనిలో చేరేసరికి లెక్క తేలింది. నూట పద్దెనిమిదిలో ఎనభై ఒకటి ఒక మెట్టు ఎక్కువ. అరవై కిలోమీటర్ల ఎర్ర గీతలో నలభై ఒకటి చెరిగిపోయాయి. కానీ ఉత్తరం వైపు పంతొమ్మిది కిలోమీటర్లు నిలబడ్డాయి. అక్కడ దాల్చినచెక్క పక్కనే నిజంగా బొగ్గు ఉంది. పగులు ఉంది, కాకపోతే చిన్నది. మ్యాపు సారు అంతవరకే రాసి అచ్చుకి పంపాడు. అప్పటికి మూడు నెలలుగా ఆయన ఆమె గదికి రాలేదు. రాళ్ళ సంచులు అటెండరు చేత పంపేవాడు. ఆమె కూడా వెళ్ళలేదు. వరండాలో ఎదురుపడితే ఇద్దరూ గోడవైపు జరిగేవాళ్ళు.

ఇక నుంచి ప్రతి స్లైడూ ఇద్దరు చూడాలి, పెట్టె పక్కన లేనిదే అంకె వెయ్యకూడదు అని కొత్త రూలు వచ్చింది. ఆ కాగితం ముందుగా రాసిచ్చింది ఆమే. దాంతో మళ్ళీ రంగుల పని ఇచ్చారు. ఇచ్చారే గానీ, ఆమెకి తన కళ్ళ మీద నమ్మకం తిరిగి రాలేదు. ఇంటికెళ్ళాక కూడా గోడ సున్నం తెలుపేనా అని మొగుణ్ణి అడిగేది. ఆదివారాలు వచ్చి పాత స్లైడ్లు తీసి, నెల నెలా వెనక్కి వెళ్తూ, తప్పు ఎక్కడ మొదలైందో వెతికింది. పడమటి విడత చివరి వారంలో రెండు తప్పులు దొరికాయి. వాటికి వెనక ఏమీ లేవు. ఆ రెండింటిని కూడా రాసి పెద్దావిడకి ఇచ్చింది.

అలాంటి రోజుల్లోనే ఒక దక్షిణపు లోయ రాయి కరిగింది. పళ్ళెంలో చూస్తే లేత తేనె రంగు పళ్ళు. వాటి మధ్యలో ఏడు బొగ్గు పళ్ళు.

ఒకే రాయి, ఒకే పొయ్యి. రెండు రంగులు ఉండటానికి వీల్లేదు. మళ్ళీ కన్ను పాడైందనుకుంది. లేదా బకెట్టు సరిగ్గా కడక్క వేరే రాయి పళ్ళు కలిశాయనుకుంది. మిగిలిన రాయి ముక్కని కొత్త బకెట్టులో వేసి, తనే తాళం వేసుకుని, మూడు వారాలు ఆగింది. మళ్ళీ తేనె, మళ్ళీ బొగ్గు. పక్క బల్ల ఆమెకి ఏమీ చెప్పకుండా స్లైడు ఇచ్చి చూడమంది. ఆమె కూడా అదే రాసి, ఇదేం రాయండీ అని అడిగింది. అప్పుడు గానీ ఈమె ఫోను ఎత్తలేదు.

మ్యాపు సారు మెట్లెక్కి వచ్చాడు. ఆరు నెలల తర్వాత ఆ గదిలో ఆయన అడుగు అది. పెట్టె పక్కన పెట్టుకునే చూశాడు. చూసి, కళ్ళు ఎత్తకుండానే అడిగాడు.

"బకెట్టు కడిగారా?"

"కొత్తది కొన్నాను సార్. రెండోసారి అందులోనే."

ఆయన ఏడు బొగ్గు పళ్ళనూ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, ఆమెకి చెబుతున్నట్టూ తనకి తను చెప్పుకుంటున్నట్టూ. బొగ్గు పళ్ళు ఇక్కడివి కావు. ఇంతకు ముందే ఇంకో కొండ ఉండేది. దాని అడుగున అవి కాలాయి. ఆ కొండ వానలకీ గాలికీ అరిగి మట్టయిపోయి, నీళ్ళలో కొట్టుకొచ్చి, కొత్త సముద్రంలో పడింది. అక్కడ బతికున్న జంతువుల తేనె రంగు పళ్ళతో కలిసి మళ్ళీ రాయయింది. ఆ పాత కొండ ఉందని ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"మీ కంటికే దొరికిందమ్మా ఆ కొండ," అన్నాడు లేస్తూ.

ఇంకో రెండు ముక్కలు కరిగించనివ్వండి, అప్పుడు నమ్మండి అని చెప్పింది ఆమె. ఆయన సరేనని, వచ్చే సోమవారం తనే ఆ లోయకి వెళ్ళి ఇంకో నాలుగు రాళ్ళు తెస్తానన్నాడు.

ఆ సాయంత్రం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆమెకి అనుమానం వచ్చింది. ఆ ఏడు పళ్ళ స్లైడు మీద రాయి నంబరు సరిగ్గా రాసిందా? ఆరు రాయబోయి తొమ్మిది రాయలేదు కదా? తర్వాతి స్టాపులో దిగిపోయి, వెనక్కి నడిచి, వాచ్‌మన్ని బతిమాలి తాళం తీయించుకుని, రెండంతస్తులు ఎక్కి చూసింది. ఆరే. ఇంటికి చేరేసరికి గంట ఆలస్యమైంది. మొగుడు ఎందుకని అడగలేదు, అన్నం గిన్నె మీద మూత తీశాడు.